చక్రాల కుర్చీకి మక్కా దారి

ఉమ్రా యాత్రకు కుటుంబమంతా పేర్లు రాసుకునేటప్పుడు ఒక పేరు చర్చకు రాకుండానే తొలగిపోతుంటుంది. అది పోలియోతో కాళ్ళు చచ్చుబడిన ఖాలాది కావచ్చు, ప్రమాదంలో వెన్ను దెబ్బతిన్న తమ్ముడిది కావచ్చు, పక్షవాతం సోకిన అమ్మీజాన్‌ది కావచ్చు. "తను ఎలా రాగలదు? అక్కడ దుఆ చేసి, జమ్‌జమ్ తెచ్చి ఇద్దాం" అన్న మాటతో విషయం ముగుస్తుంది. ఆ మాటలో ప్రేమ లేదనలేము. కానీ అలా తీర్మానించే ముందు ఆ వ్యక్తిని అడిగినవారెందరు? దారిని కొలిచి చూసినవారెందరు?

దైవప్రవక్త ముహమ్మద్ (స) అంతిమ హజ్ సందర్భంగా ఖస్అమ్ తెగకు చెందిన ఒక యువతి ఆయన వద్దకు వచ్చింది. తన తండ్రి వృద్ధుడనీ, వాహనంపై నిలకడగా కూర్చోలేడనీ విన్నవించి, ఆయన తరఫున తాను హజ్ చేయవచ్చునా అని అడిగింది. ప్రవక్త (స) అనుమతించారు. హజ్జె బదల్‌కు గల ఆధారాలలో ఇది ప్రసిద్ధమైనది. అయితే ఆమె చెప్పిన కారణాన్ని గమనించాలి. తండ్రి నడవలేడని ఆమె అనలేదు. వాహనంపై కూర్చోలేడని అన్నది. కూర్చోగలవారికి మరో మార్గం ఉంది. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తన అనారోగ్యాన్ని మొరపెట్టుకున్నప్పుడు, జనానికి వెనుకగా వాహనంపై తవాఫ్ చేయమని ఆయన సెలవిచ్చారు. స్వయంగా ఆయన సైతం అంతిమ హజ్‌లో ఒంటెపై తవాఫ్ చేస్తూ, చేతిలోని వంపుకర్రతో హజ్రె అస్వద్ మూలను తాకారు. నాటి ఒంటె చేసిన పనిని నేడు చక్రాల కుర్చీ చేస్తున్నది. కనుక అడగవలసిన మొదటి ప్రశ్న "నడవగలరా?" అన్నది కాదు; "ఎంతసేపు కూర్చోగలరు?" అన్నది.

ఆ ప్రశ్నకు జవాబు ఆ వ్యక్తి నుండి, వారి వైద్యుని నుండి తీసుకున్న తరువాతే ప్రయాణ ప్రణాళిక మొదలవ్వాలి. కాలం ఎంపిక తొలి మెట్టు. రమజాన్ రద్దీని, మండు వేసవిని విడిచి నవంబరు నుండి ఫిబ్రవరి లోపు వెళ్ళడం మేలు. వెన్నుపాము దెబ్బతిని స్పర్శ తెలియనివారికి ఎండకు కాగిన లోహపు పిడి కూడా తెలియకుండానే కాలుస్తుంది. ఎక్కువసేపు కదలక కూర్చుంటే పుండ్లు పడతాయి. మంచి మెత్త, మధ్యమధ్య ఒత్తిడి తగ్గించుకునే విరామం ఇలాంటివారికి తప్పనిసరి.

రెండవది విమానం. వైకల్యాన్ని కారణంగా చూపి ప్రయాణాన్ని నిరాకరించరాదని మన దేశ పౌర విమానయాన నిబంధనలు చెబుతున్నాయి. సహాయం కావలసినవారు ఆ సంగతిని కనీసం 48 గంటల ముందు తెలియజేయాలి. విమానం లోపలి నడవ ఇరుకు కాబట్టి సీటు వరకు సన్నని ప్రత్యేక కుర్చీలో చేరుస్తారు. అది కావాలని స్పష్టంగా చెప్పాలి. సొంత కుర్చీని విమానం తలుపు వరకు వాడుకుని అక్కడ అప్పగించేటప్పుడు మెత్తను, ఊడివచ్చే భాగాలను వెంట ఉంచుకోవాలి. బ్యాటరీ కుర్చీ అయితే బ్యాటరీ రకాన్ని ముందే తెలుపకపోతే విమానాశ్రయంలో ఆగిపోవలసి వస్తుంది.

జిద్దా చేరకముందే, గగనతలంలోనే మీఖాత్ దాటుతుంది. విమానపు మరుగుదొడ్డిలో దుస్తులు మార్చుకోవడం కాళ్ళు ఆడనివారికి అసాధ్యం. ఇంటి వద్దే ఇహ్రామ్ దుస్తులు ధరించి, మీఖాత్ రాగానే సంకల్పం చేసుకుంటే ఈ చిక్కు ఉండదు. నడుముపట్టీ, మూత్రపు సంచి, డైపర్ వంటివి తప్పనిసరైన పురుషులు ఇహ్రామ్‌లో వాటి నియమాలను బయలుదేరకముందే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. బిడియపడి అడగకపోతే, ఆ సందేహం తవాఫ్ మధ్యలో మనసును పట్టి పీడిస్తుంది.

మూడవది బస. మక్కా కొండల నడుమ లోయ. మస్జిదె హరామ్ ఆ లోయ అడుగున ఉంది. "హరమ్‌కు 500 మీటర్లు" అన్న ప్రకటన నడిచేవారి కోసం రాసినది. అజ్యాద్ వైపు వాలులో వెళ్ళేటప్పుడు కుర్చీ తానే జారుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే దారి ఏటవాలు ఎక్కుడవుతుంది. దూరంతో పాటు వాలును, మెట్లను, కాలిబాట అంచులను గూర్చి కూడా అడగాలి. ఆ తరువాత స్నానాల గది. గది ఎంత విశాలమైనా స్నానాల గది తలుపు ఇరుకైతే, గడప ఎత్తైతే, వుజూకు సైతం ఇతరులపై ఆధారపడాలి. కుర్చీ వెడల్పును కొలిచి రాసుకోండి. తలుపుపై టేపు పెట్టి తీసిన ఫోటో పంపమని ఏజెంటును కోరండి. "అన్ని సౌకర్యాలూ ఉన్నాయి" అన్న హామీ కంటే ఆ ఒక్క ఫోటో విలువైనది.

ఇక హరమ్. కాబా చుట్టూ నేలపై ఉన్న మతాఫ్‌లోనికి చక్రాల కుర్చీలను సాధారణంగా అనుమతించరు. పై అంతస్తులలో తవాఫ్ చేయవలసి ఉంటుంది. అక్కడ చుట్టు పెద్దది, ఏడు చుట్లు కలిపి కొన్ని కిలోమీటర్లు అవుతుంది. సఫా, మర్వాల నడుమ దూరం సుమారు 450 మీటర్లు. ఏడుసార్లకు మూడు కిలోమీటర్లు దాటుతుంది. సయీ మార్గంలో మధ్యన కుర్చీలకు ప్రత్యేక దారులున్నాయి. రుసుముపై కుర్చీ నెట్టే అధికారిక సేవకులు, విద్యుత్ బండ్లు కూడా లభిస్తాయి. ఏ ద్వారం, ఏ లిఫ్టు అన్నది కాలాన్ని బట్టి మారుతుంటుంది గనుక చేరిన రోజే ఒకరు ముందుగా వెళ్ళి చూసి రావాలి. తవాఫ్ తరువాత సయీకి ముందు విశ్రాంతి తీసుకోవచ్చు. ఒక్కడే కొడుకు మొత్తం దూరం కుర్చీ నెట్టాలనుకోవడం ఇద్దరికీ శ్రమే. ఇద్దరు ముగ్గురు పంచుకుంటే అందరి ఆరాధనా ప్రశాంతంగా సాగుతుంది.

మదీనాలో మస్జిదె నబవీ పరిసరాలు చాలావరకు చదును; అక్కడ కుర్చీ సులభంగా సాగుతుంది. రౌజా సందర్శనకు మాత్రం నుసుక్ యాప్‌లో ముందుగా సమయం నమోదు చేసుకోవాలి.

ఇంత ఏర్పాటు చేసినా కొందరికి ప్రయాణం తగదని వైద్యుడు చెప్పవచ్చు, ఖర్చు భరించలేని పరిస్థితి ఉండవచ్చు. శక్తికి మించిన భారాన్ని అల్లాహ్ ఎవరిపైనా మోపడు; వారికి ఆ సౌలభ్యం హక్కుగా ఉంది. అయితే ఆ సౌలభ్యాన్ని స్వీకరించే నిర్ణయంలో మొదటి మాట కుర్చీలో ఉన్నవారిది. ఈసారి యాత్ర మాట ఇంట్లో వచ్చినప్పుడు పాస్‌పోర్టులకంటే ముందు కొలిచే టేపు బయటికి తీయండి. ఖాలా పక్కన కూర్చుని, "మీరు ఎంతసేపు కూర్చోగలరు?" అని అడగండి. ఆమె ఏళ్ళ తరబడి ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తూ ఉండవచ్చు.