మొప్పల మనిషికి తల్లి లేదా?

1980ల చివర్లో మా యారాడలో సినిమా చూడాలంటే కొండ దాటి గాజువాక వైపు పోవాలి, లేదా పండక్కి అద్దె వీసీఆర్ రావాలి. అలా వచ్చిన ఓ రాత్రి, రెండు తెలుగు సినిమాల మధ్య ‘క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్’ చూశాం. 1954లో వచ్చిన నలుపు తెలుపు హాలీవుడ్ సినిమా. అమెజాన్ అడవుల్లోని మడుగులో బతికే మొప్పల మనిషి కథ. చేపలు పట్టే ఊళ్ళో చేపను చూపించి భయపెట్టాలనుకోవడం ఎంత సాహసమో చూడండి!

ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా మా ఆడవాళ్ళ వ్యాఖ్యానం ఆగలేదు. “పొలుసు తీస్తే ఎంత తూగుతాడే!” అంది ఒకామె. పరిశోధనకొచ్చిన పెద్దమనుషులు ఆ ప్రాణిని పట్టుకోడానికి నీళ్ళలో మందు కలిపినప్పుడు మాత్రం మా మామ్మకి ఒళ్ళు మండింది. “ఆడింటికి ఈళ్ళెల్లి, నీళ్ళల్లో మందు కలిపి, ఆడిదే తప్పంటారేటి?” అంది. ఆ సినిమా మీద ఇంతకంటే మంచి విమర్శ నేనింతవరకూ చదవలేదు.

జూలియా ఆడమ్స్ వేసిన ‘కే’ పాత్ర కూడా పరిశోధక బృందంలోదే. కానీ ఆమె చేసే పరిశోధన తక్కువ, పెట్టే కేకలు ఎక్కువ. తెల్లటి ఈతదుస్తుల్లో ఈదడం, మొప్పల మనిషి ఎత్తుకుపోతుంటే సొమ్మసిల్లడం... “ఇంత సదువూ సదివింది కెవ్వుమనడానికేనా?” అని మామ్మ విసుక్కుంది. చివర్లో తుపాకులు పేలి వాడు నీళ్ళలో మునిగిపోతుంటే, “ఈడికి తల్లి నేదేటి?” అని నిట్టూర్చింది.

నిజమే, మన రాక్షసులకు తల్లులుంటారు. ‘మాయాబజార్’ (1957)లో రంగారావంతటి ఘటోత్కచుడికి హిడింబిగా సూర్యకాంతం ఉంది.

మామ్మ ప్రశ్నకు జవాబు నాకు చాలా ఏళ్ళకు దొరికింది. మొప్పల మనిషికీ తల్లి ఉంది. ఆమె పేరు మిలిసెంట్ పాట్రిక్. డిస్నీ సంస్థ యానిమేషన్‌లో పనిచేసిన తొలితరం స్త్రీలలో ఒకరు. యూనివర్సల్ స్టూడియో మేకప్ విభాగంలో ఆ రూపాన్ని గీసింది ఆమే. తెరమీద పడ్డది మాత్రం విభాగాధిపతి బడ్ వెస్ట్‌మోర్ పేరు. ‘మృగాన్ని సృష్టించిన సుందరి’ అంటూ స్టూడియో ఆమెను ప్రచారానికి ఊళ్ళు తిప్పుదామనుకుంటే ఆయనకు నచ్చలేదు. చివరికి ‘మృగాలతో బతికే సుందరి’ అని మార్చి పంపారు. సృష్టికర్త కాస్తా మృగాలకు తోడు మనిషైపోయింది! తిరిగొచ్చాక ఆయన ఆమెకు మళ్ళీ పని ఇవ్వలేదు. 2019లో మాలరీ ఒమీరా ఆమె జీవితం మీద పుస్తకం రాసేదాకా ఈ కథ తెలిసినవాళ్ళు తక్కువే.

మొప్పల మనిషి మాత్రం చచ్చీ చావలేదు. 1955లో, 1956లో మరో రెండు సినిమాల్లో తిరిగొచ్చాడు.

ఇప్పుడు మా విద్యార్థినులకు ఆ సినిమా చూపించినప్పుడల్లా, పేర్లు పడేచోట కాసేపు ఆపుతాను. అక్కడ లేని పేరు పైకి చదివి, ఆ తర్వాతే సినిమా నడవనిస్తాను.