బిస్లీ మైదానంలో ఎండమావులు

లండన్ వెళ్ళినవాళ్ళు చూసివచ్చే వింతల పట్టికలో బిస్లీ పేరు సాధారణంగా ఉండదు. వాటర్లూ స్టేషనులో రైలెక్కి బ్రూక్‌వుడ్‌లో దిగితే, సర్రే ప్రాంతపు పైన్ చెట్ల నడుమ కనిపిస్తుంది ఈ చోటు. ఒకప్పుడు బ్రూక్‌వుడ్ నుంచి మైదానం దాకా బుల్లి రైలొకటి నడిచేది. దానికి జనం పెట్టిన ముద్దుపేరు 'బిస్లీ బుల్లెట్'. 1952లో అది ఆగిపోయింది. అసలు బుల్లెట్లు మాత్రం ఇప్పటికీ పరుగెడుతూనే ఉన్నాయి!

తిరునాళ్ళలో బుడగలు పేల్చే గాలితుపాకిని మించి నేను ఏ తుపాకినీ ముట్టి ఎరుగను. అక్కడ ఇంజనీరుగా ఉన్న మా మేనల్లుడికి మాత్రం గురిపందేలంటే ప్రాణం. "మ్యూజియములు ఎక్కడికీ పోవు మామయ్యా, ఒక్కపూట మా బిస్లీ చూడండి" అని బయలుదేరదీశాడు.

తుపాకుల చోటంటే సైనిక పటాలం లాగా ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే చెక్క బంగళాలు, వరండాలు, పడక కుర్చీలు, టీ కప్పుల చప్పుడు. మన దొరలకాలపు వేసవి విడిది లాగా ఉంది.

ఈ పందేలు మొదట 1860లో లండన్ చెంత వింబుల్డన్‌లో మొదలయ్యాయి. విక్టోరియా రాణి చేతికి తుపాకి ఇవ్వలేదు. దాన్ని కదలకుండా ఇనుప చట్రంలో బిగించి, మీటకు పట్టుతాడు కట్టి, ఆమె చేత లాగించారు. 400 గజాల దూరాన గుండు గురిలోనే తగిలింది. వింబుల్డన్‌లో ఇళ్ళు పెరగడంతో 1890లో మకాం బిస్లీకి మారింది. ఇక్కడి ముఖ్య బహుమతి రాజు పేరిటో, రాణి పేరిటో ఉంటుంది. గెలిచినవారిని కుర్చీలో కూర్చోబెట్టి భుజాలమీద ఊరేగిస్తారు. 1930లో ఆ కుర్చీ ఎక్కిన మార్జరీ ఫాస్టర్ కోళ్ళు పెంచుకునే మనిషి. సైన్యాధికారిని ఒక్క మార్కుతో ఓడించి, ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ అయింది. 2002 కామన్వెల్త్ క్రీడల్లో మన అంజలీ భాగవత్ నాలుగు బంగారు పతకాలు గెలిచిందీ ఈ బిస్లీలోనే.

మేము చూడబోయింది స్టికిల్‌డౌన్ అనే పెద్ద మైదానం. గురి వెయ్యి గజాల దూరం, అంటే సుమారు నాలుగున్నర ఫర్లాంగులు! నడిమి వృత్తం రెండడుగుల వెడల్పు. తుపాకికి దుర్భిణీ ఉండదు; సన్నని రంధ్రంలోంచి చూసి, బోర్లా పడుకుని కాల్చాలి.

"గుండు తిన్నగా పోతుందని అందరూ అనుకుంటారు, మామయ్యా. అది మనం విసిరిన రాయి లాగే వంపు తిరిగి పోతుంది" అన్నాడు వాడు. గొట్టం విడిచేటప్పుడు సెకనుకు దాదాపు 2,900 అడుగుల వేగం. అయినా గురి చేరేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. అంతలో భూమి దాన్ని ముప్పయి అడుగులకు పైగా కిందికి లాగుతుంది. అందుకే గొట్టం కాస్త పైకెత్తి కాల్చాలి. మందు వేడెక్కితే గుండు వేగం పెరిగి పైన తగులుతుంది. తూటాకూ తూటాకూ వేగంలో 30 అడుగుల తేడా వచ్చినా గురి దగ్గర జానెడు తేడా. అందుకే తూటాల పెట్టె ఎప్పుడూ నీడలోనే.

ఇక గాలి. గంటకు పది మైళ్ళ పక్కగాలి గుండును ఏడెనిమిది అడుగులు నెట్టేస్తుంది. దారి పొడుగునా జెండాలున్నాయి గాని, ఒకటి కుడికి ఊగితే ఇంకొకటి నిద్రపోతుంది. మరి దేన్ని నమ్మాలి?

నేలమీద నిలిపిన దుర్భిణీ నా ముందుకు జరిపాడు. చూద్దును గదా, గురికి ముందు గాలి సెలయేరులా పారుతోంది. ఎండమావి! మన కవులు లేళ్ళను దప్పికతో పరుగెత్తించి మోసం చేయించే ఎండమావి ఇక్కడ నిజం చెప్పే సాక్షి. అది ఎటు పారితే గాలి అటు. నిట్టనిలువుగా ఉడికినట్టు లేస్తే పక్కగాలి ఆగినట్టు, లేదా దిక్కు మారబోతున్నట్టు.

ఆనాటి పోటీ క్లబ్బు జట్టులో మిగిలిన ఒక్క చోటు కోసం. మావాడు ఆఖరి తూటా గొట్టంలో పెట్టాడు. గడువు ముప్పావు నిమిషం. అంతలో ఎండమావి నిట్టనిలువుగా లేచింది. వాడు మీట నొక్కలేదు. ఆగితే గాలి తేలుతుంది. కాని అప్పటికే కాగి ఉన్న గొట్టంలో తూటా వేడెక్కుతుంది. తొందరపడితే పక్కకు, ఆలస్యమైతే పైకి! వాడి తల్లి ఉంటే ఏ దేవుడికి మొక్కేదో గాని, నేను మాత్రం ఊపిరి బిగపట్టాను.

వాడు గడియ లాగి ఆ తూటా తీసేశాడు. నీడలోని పెట్టెలోంచి చల్లని తూటా పెట్టి మళ్ళీ గురిచూశాడు. ఎండమావి ఎడమకు వాలింది. ఢాం!

గురిపలక గుంటలోకి దిగింది. అంత దూరాన ఎవరో గుండు దెబ్బను వెతుకుతున్నారు. ఆ కొద్ది క్షణాలే యుగంలా తోచాయి. పలక పైకి లేచింది. నడిమి వృత్తంలో తెల్లని బిళ్ళ!

పక్కనున్న ముసలాయన టోపీ సవరించుకుని, "బాగా కాల్చావు" అనలేదు. "బాగా ఆగావు" అన్నాడు.