ఇద్దరి పేర ఇల్లు

2024 శ్రావణమాసములో ఒకనాటి రాత్రి నా మేనకోడలు ఫోను చేసి, "అత్తా, మేము విడిపోయాము. ఇల్లేం చేయాలో తెలియడం లేదు" అనెను. ఆ పిల్ల పెండ్లిలేని కాపురమును గూర్చి ఆరేండ్లుగా మా యింట నెవరును నోరెత్తలేదు. మా అన్నగారు ఆ ప్రసంగమే రానిచ్చెడివారు కారు. కావున సలహాకు నేనే దిక్కైతిని. ఆ కాపురము తగునా తగదా యని వాదించుటకు వేళ మించిపోయినది. కూకట్‌పల్లిలో మూడవ యంతస్తున రెండు పడకగదుల యిల్లు ఇద్దరి పేర నున్నది. దానిమీద బ్యాంకు అప్పున్నది.

భార్యాభర్తలు విడిపోయినచో చెప్పుటకు పెద్దలుందురు, కుటుంబ న్యాయస్థానముండును. వీరికి రెండును లేవు. ఇంటి విషయమున వీరు కేవలము సహయజమానులని ఎరిగిన న్యాయవాది యొకరు చెప్పిరి. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, వేరు ఒడంబడిక లేనిచో, వెలలో ఎవరెంత సొమ్ము పెట్టిరో వారికంత భాగము. ఆ లెక్క తేలనిచో సమభాగములు. వ్యాజ్యమునకు పోయినచో, పంచుటకు వీలుకాని యింటిని అమ్మించి సొమ్ము పంచుటకు 1893 నాటి విభజన చట్టములో దారి కలదట. ఆ దారి ఎన్నేండ్లు పట్టునో ఆయన నవ్వి యూరకుండిరి.

ఇద్దరిని ఎదురెదురుగ కూర్చుండబెట్టి లెక్కకు పూనుకొంటిని. ఇంటి వెల 60 లక్షలు. పిల్ల పెట్టినది 12 లక్షలు. మా అమ్మ యిచ్చిన కాసులపేరు అందులోనే కరగినది. అతడు పెట్టినది 3 లక్షలు. తక్కిన 45 లక్షలు ఇద్దరి సంతకములమీద తెచ్చిన అప్పు. నెలకు 39 వేల వాయిదా అతని ఖాతానుండి పోయెడిది.

"ఆరేండ్లలో 28 లక్షలు నేనే కట్టాను" అని అతడనెను. అబద్ధము కాదు. కాని బ్యాంకు కాగితము చూడగా అసలులో తగ్గినది సుమారు 7 లక్షలే. మిగిలినదంతయు వడ్డీ క్రింద పోయినది.

పిల్ల మాటలాడక లోనికి పోయి, వంటయింటి అలమారనుండి నాలుగు పద్దుపుస్తకములు తెచ్చి బల్లమీద పెట్టెను. బియ్యము, పాలు, గ్యాసు, కరెంటు, పనిమనిషి జీతము, అతని తల్లికి కంటి శస్త్రచికిత్స జరిగిన నాటి మందులు, అన్నియు నామె జీతములోనివే. నెలకు 35 వేలకు తగ్గలేదు. "నేను ఇల్లు గడిపితేనే గదా నీ జీతం వాయిదాకు మిగిలింది!" అనెను. ఈ పద్దులు ఇంటివెలలో లెక్కకు వచ్చునని న్యాయవాది గట్టిగా చెప్పలేకపోయిరి. నలువది యేండ్లు నేనును పద్దులు వ్రాసితిని. అవి యేటేట భోగిమంటలలో పోయినవి. మా యింటి దస్తావేజులో నా పేరు లేదు.

అతడు చాలసేపు పుటలు త్రిప్పెను. తల్లి మందుల లెక్కయొద్ద ఆగెను. పిమ్మట "వాయిదాలు ఇద్దరివీ అనుకుందాం" అనెను.

ఆపై పని సుళువైనది. ఇల్లు 83 లక్షలు చేయునని మదింపువారు తేల్చిరి. నిలువయున్న అప్పు 38 లక్షలు పోగా 45 లక్షలు. మొదట పెట్టినది ఎవరిది వారికి. మిగిలిన 30 లక్షలు చెరిసగము. పిల్లకు వచ్చునది 27 లక్షలు. ఇల్లు అతడుంచుకొనుటకు ఒప్పందమైనది.

ఒక్క విషయమున మాత్రము నేను పట్టు విడువలేదు. విడుదల దస్తావేజు వ్రాసి తన వాటా వదలుకొన్నను, బ్యాంకు ఆమెను వదలదు. ఇద్దరు కలిసి చేసిన యప్పును ఎవరియొద్దనైనను పూర్తిగ రాబట్టుకొనవచ్చును. కనుక అతడు వేరొక బ్యాంకులో తన పేర అప్పు తెచ్చి, పాతది తీరినట్లు పత్రమును, పిల్ల సొమ్మునకు బ్యాంకు చెక్కును చూపువరకు వ్రేలు కదపవద్దంటిని. "నామీద నమ్మకం లేదాండీ?" అని యతడు నొచ్చుకొనెను. ఉన్నను అంతే చెప్పుదునంటిని. మూడు నెలలు పట్టినది. కుటుంబ సభ్యుల నడుమ విడుదలకు స్టాంపు సుంకములో గల తగ్గింపు వీరికి లేదు. అధికమైన ఆ ఖర్చును సగము సగము భరించిరి.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో గుమాస్తా తలయెత్తక "మీ ఇద్దరికీ సంబంధం?" అని యడిగెను. ఇద్దరును నావైపు చూచిరి. "సహయజమానులు" అని నేను చెప్పితిని. అతడట్లే వ్రాసికొనెను.

ఆ సాయంకాలము పిల్ల ఇత్తడి సామానును, పద్దుపుస్తకములను ఆటోలో వేసికొని మా యింటికి వచ్చితిమి. మా అన్నగారు వాకిట నిలుచుండిరి. ఒక్కమాటయు పలుకక, పుస్తకముల మూట తామే దింపి లోనికి తీసికొనిపోయిరి.