పగడాల తొట్టి, పత్తి చేను

"ఆ బేసిన్లో కలిపిందేంట్రా?" అని ఫోను తెర మీంచి నాన్నగారు అడిగారు. ఇమిడాక్లోప్రిడ్ అన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు. తుళ్లూరులో మా పత్తికీ మిరపకీ పచ్చదోమ పడితే ఏళ్ల తరబడి కొట్టిన మందే అది. ఇక్కడ డాలస్‌లో, చేతులకు తొడుగులు వేసుకుని, వేలెడంత పగడపు కొమ్మను అందులో ముంచుతున్నాను. ఆయన వట్టి చేత్తో కలిపేవారు.

ఉప్పునీటి తొట్టిలో పగడాలు పెంచడం నాకు పన్నెండేళ్ల వ్యసనం. (మన దేశంలో ఈ సరదా కుదరదు. దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఉండవలసిందే.) మూడేళ్ల క్రితం ఒక దుకాణం నుంచి తెచ్చిన అక్రోపోరా కొమ్మను పైపైన కడిగి, నేరుగా తొట్టిలో పెట్టేశాను. రెండు నెలలకు పాత పగడాలు వెలవెలబోసాగాయి. ఉప్పునూ, సున్నాన్నీ, దీపాలనూ అనుమానించాను గాని పురుగును అనుమానించలేదు. చివరకు భూతద్దం పెట్టి చూస్తే గుండ్రటి తెల్లని కాట్లు. పగడం రంగులోనే కలిసిపోయే చదును పురుగు అది. 2011లో శాస్త్రజ్ఞులు దానికి అమకుసప్లానా అక్రోపోరే అని పేరు పెట్టారు. అంతకు ముందే ఎన్నో ఏళ్లుగా నాలాంటివాళ్లను ఏడిపిస్తూ వచ్చింది. పదకొండు గుత్తులు పోయాయి.

మందులో ముంచి, రబ్బరు బుడ్డితో నీళ్లు చిమ్మితే పురుగులు రాలిపోతాయి. తెల్ల బేసిన్ అడుగున లెక్కపెట్టుకోవచ్చు. లెక్కపెట్టి సంతోషించడమే నేను చేసిన పొరపాటు. ఈ పురుగు బతికిన కండను తింటుంది, గుడ్లు మాత్రం కండ పోయి బయటపడ్డ ఎముక మీద, ఎక్కువగా కొమ్మ మొదట్లో పెడుతుంది. ముంచే మందులేవీ ఆ గుడ్ల మీద పనిచేయవు. నీటి వేడిని బట్టి రెండు మూడు వారాలకు, చల్లటి నీటిలో ఇంకా ఆలస్యంగా పొదుగుతాయి. కాబట్టి కొమ్మను అతికించి ఇచ్చిన పింగాణీ బిళ్లను విరిచి పారేయాలి, మొదలును బ్లేడుతో గీకాలి, వేరే తొట్టిలో పెట్టి వారం వారం ముంచాలి. ఎనిమిది వారాలు నా లెక్క. ముంచిన ప్రతిసారీ మంచి ఉప్పునీటిలో జాడించాలి, లేకపోతే ఆ మందుకు తొట్టిలోని రొయ్యలూ పీతలూ చస్తాయి.

ఇదంతా చెబితే నాన్నగారు "లద్దెపురుగు తంతే" అన్నారు. పత్తి చేను చుట్టూ ఆముదం మొక్కలు వేసేవారు. లద్దెపురుగు తల్లి వాటిని వెతుక్కుంటూ వచ్చి ఆకుల అడుగున కుప్పగా గుడ్లు పెట్టేది. ఆ ఆకులు కోసి తేవడం చిన్నప్పుడు నా పని. పైనుంచి చూసి ఏమీ లేదంటే ఊరుకునేవారు కాదు. "తిప్పి చూశావా?"

ఆ జాగ్రత్త ఆయనకు ఊరికే రాలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద శనగపచ్చ పురుగు పడింది. అంతకు ముందు దాన్ని చంపిన పైరెత్రాయిడ్లు ఆ ఏడు పనిచేయలేదు. మోతాదు పెంచి కొట్టారు, రెండు మూడు కలిపి కొట్టారు. పురుగు మాత్రం కాయల్లో చల్లగా ఉంది. మందుల కొట్టు బాకీ కింద అమ్మ గాజులు పోయాయి.

2021లో బాబాయి కౌలుకు వేసిన మిరపలోనూ ఇదే కథ. నల్ల తామరపురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో దాన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. పూలల్లో దాక్కుంటుంది, నేలలో కోశస్థ దశ గడుపుతుంది. బాబాయి మందు ఆకుల మీద కొట్టాడు.

మా నాలుగెకరాలు 2015లో రాజధాని భూసమీకరణలోకి వెళ్లాయి. నాన్నగారికి ఉదయాన్నే లేచి చూసి రావడానికి చేను లేదు. అందుకే కాబోలు, ఆదివారం ఫోనులో నా తొట్టి సంగతే ముందు అడుగుతారు. కొత్త కొమ్మకు నిన్నటితో అయిదు వారాలు.

"తిప్పి చూశావా?"

చూశాను, ఏమీ లేవన్నాను.

"భూతద్దం పెట్టి చూశావా?"

ఫోను పక్కన పెట్టి మళ్లీ తీశాను. మొదట్లో, నేను గీకకుండా వదిలేసిన జిగురు మడతలో, గసగసాల్లా, గోధుమరంగులో ఓ చిన్న కుప్ప. బ్లేడు తెచ్చాను. లెక్క మళ్లీ మొదటి వారం నుంచి.