కథ నోటితో చెప్పే ముందు కాగితం మీద పెట్టండి



పోయిన ఆదివారం తిరుత్తణిలో మేం కూర్చుని ఉండగా ఒక అబ్బాయి వచ్చాడు. పళ్ళిపట్టు దగ్గరి నేత కుటుంబం. చేతిలో లావుపాటి నోటుబుక్కు. "సినిమా కథ అన్నా, చదివి చెప్పండి" అన్నాడు. తెరిచి చూస్తే మాటలన్నీ తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, ఇంగ్లీషు. మన పిల్లల్లో చాలామంది సంగతి ఇంతే కదా.

కాఫీ తాగాక అసలు విషయం చెప్పాడు. రెండేళ్ళ కింద వడపళనిలో ఒక టీ కొట్టు దగ్గర పరిచయమైన మనిషికి ఈ కథంతా కూర్చోబెట్టి చెప్పాడట. మొన్న ఒక సినిమా చూస్తే తన సీన్లు మూడు అందులో కనిపించాయట. ఎత్తుకుపోయారా, కాకతాళీయమా? మేం చెప్పలేం. అబ్బాయి కూడా రుజువు చెయ్యలేడు. తేదీ వేసిన ఒక్క కాగితం లేదు. వాళ్ళ నాయన "ఇంక చాలు, మగ్గం కాడికి రా" అంటున్నాడట. ఆ రాత్రి మాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాం.

సినిమా మనకు దూరపు చుట్టమేమీ కాదు. మన తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది 1960 ఏప్రిల్ 1న. అప్పటికి తెలుగు సినిమాకు ఊరు మద్రాసే. పింగళి నాగేంద్రరావు గారు, డి.వి. నరసరాజు గారు, ముళ్ళపూడి వెంకటరమణ గారు అందరూ ఆ ఊళ్ళో కూర్చుని రాసినవాళ్ళే. తర్వాత పరిశ్రమ హైదరాబాదు పోయింది, మనం ఇక్కడ మిగిలాం. అయినా రాయడానికి స్టూడియో అక్కర్లేదు. మేం చదివి, అడిగి, రాసి, చింపి నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాం.

మొదటిది, కథను నాలుగు వాక్యాల్లో చెప్పగలగాలి. ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డం, దొరక్కపోతే పోయేదేంటి. ఇది తేలకుండా నూరు పేజీలు రాసినా నిలవదు. ఏం వదిలెయ్యాలో కూడా అప్పుడే తెలుస్తుంది. 'మాయాబజార్' (1957) చూడండి. పాండవుల ఇంటి పెళ్ళి కథ అది, కానీ పాండవులు తెర మీద ఒక్కసారి కూడా కనిపించరు. కథ శశిరేఖది, అభిమన్యుడిది, ఘటోత్కచుడిది. మిగతాది చూసేవాళ్ళకు ముందే తెలుసని రాసినవాళ్ళు నమ్మారు.

రెండోది, కంటికి కనిపించేది, చెవికి వినిపించేది మాత్రమే రాయాలి. మన అబ్బాయి "రాజు మనసులో చాలా బాధపడ్డాడు" అని రాశాడు. కెమెరా మనసులోకి పోదు. "పోగు తెగింది. రాజు ముడి వెయ్యలేదు. నాడె చేతిలో పట్టుకుని అట్లే కూర్చున్నాడు" అని రాయమన్నాం. వాడి కళ్ళు మెరిశాయి. మగ్గం ముందు పెరిగిన పిల్లోడు కదా, ఇంకెవరూ రాయలేనిది వాడి దగ్గరుంది.

మూడోది, మాటలు. ఆ నోటుబుక్కులో అవ్వ "నాయనా, ఎక్కడికి వెళ్తున్నావు?" అంటుంది. "మీ అవ్వ అట్లే మాట్లాడుతుందా?" అని అడిగాం. నవ్వాడు. "యాడికిరా పోతా ఉండావు, అన్నం తినేసి పో" అంటుందట. అదే రాయి నాయనా అన్నాం. మన తెలుగులో తమిళం కలిసిందని సిగ్గుపడొద్దు. అది ఈ నేల మాట. ఇప్పుడు ఎవరూ రాయకపోతే ఆ అవ్వతోనే పోతుంది.

నాలుగోది, కొలత. ప్రతి సీనుకూ పైన లోపలా బయటా, ఏ చోటు, పగలా రాత్రా అని రాయండి. పేజీకి ఒక నిమిషం అనే లెక్క టైపు చేసిన పద్ధతికి సరిపోతుంది, చేతిరాతకు కాదు. గట్టిగా చదువుతూ ఫోన్లో టైము చూసుకోండి. కె.వి. రెడ్డి గారు షూటింగుకు ముందే స్టాప్‌వాచ్ పెట్టుకుని సీన్ల నిడివి తేల్చుకునేవారని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

యానిమేషన్ రాసే పిల్లలకు ఇంకో మాట. అక్కడ నటుడు వచ్చి మీ ఖాళీని నింపడు. చెయ్యి ఎత్తడం, కళ్ళు తిప్పడం, చెట్టు ఊగడం అన్నీ ఎవరో ఒకరు తయారు చెయ్యాలి. అందుకే పనులు స్పష్టంగా రాయాలి, మాటలు తగ్గించాలి. కొత్త పాత్ర, కొత్త చోటు పెట్టిన ప్రతిసారీ ఖర్చు పెరుగుతుంది. సాధారణంగా గొంతులు ముందు రికార్డు చేసి బొమ్మను దానికి కలుపుతారు కాబట్టి మాటను తర్వాత మార్చడం కష్టం.

ఇక ఆ అబ్బాయి ఏడ్చిన విషయం. చట్టం ఆలోచనను కాపాడదు, రాసిన రూపాన్ని కాపాడుతుంది. రాసిన క్షణం నుంచే కాపీరైటు మీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ తగాదా వస్తే తేదీ ఉన్న రుజువే నిలబడుతుంది. 2018లో 'సర్కార్' సినిమా విడుదలకు ముందు వరుణ్ రాజేంద్రన్ అనే రచయిత మద్రాసు హైకోర్టుకు వెళ్ళారు. 2007లోనే 'సెంగోల్' పేరుతో చెన్నైలోని దక్షిణ భారత సినీ రచయితల సంఘంలో ఆయన కథ రిజిస్టర్ చేసి ఉన్నారు. చివరకు రాజీ కుదిరి, సినిమాలో ఆయన పేరు వెయ్యడానికి ఒప్పుకున్నారు. పదకొండేళ్ళ పాత కాగితం చేసిన పని అది.

కాబట్టి ముందు పూర్తిగా రాయండి. రిజిస్టర్ చెయ్యండి. ఎవరికి చెప్పినా ఆ రోజే "ఈ కథ మీకు చెప్పాను" అని మెయిల్ పంపండి. సంతకం పెట్టే ముందు ఒప్పందాన్ని వకీలుకు చూపించండి. 2012 చట్ట సవరణ తర్వాత సినిమా హాలు బయటి వాడకాలకు వచ్చే రాయల్టీలో రచయిత వాటాను రాసిచ్చేయమని అడగడం చెల్లదు, ఇది గుర్తుంచుకోండి.

ఉద్యోగం మాత్రం మానొద్దు. ఆ అబ్బాయికీ ఇదే చెప్పాం. పగలు మగ్గం, రాత్రి రెండు పేజీలు. వాళ్ళ నాయనతో కూడా ఫోన్లో మాట్లాడాం. "ఒక ఏడాది చూస్తా" అన్నాడు. మాకు అదే చాలు.

సంఘంలో తెలుగు అక్షరాలు నేర్పగలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. వారానికి ఒక గంట ఇవ్వగలిగితే కింద చెప్పండి. మీ ఇళ్ళల్లో రాసే పిల్లలుంటే పది పేజీలు పట్టుకుని రమ్మనండి, కూర్చుని చదువుదాం. మొదటి పేజీ మీద తేదీ మాత్రం వేయించి పంపండి.