హార్పీలు వాలిన గుడి

1963లో వచ్చిన 'జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్' అనే ఇంగ్లీషు చిత్రం పాఠకులలో చాలమంది చూచియే ఉంటారు. అందులో ఫినియస్ అనే గుడ్డి ముసలివాడు భోజనానికి కూర్చున్నప్పుడల్లా హార్పీలనే రెక్కల పిశాచాలు దిగివచ్చి, ముందున్న ఆహారం లాగుకొని పోతుంటాయి. జేసన్ మనుషులు గుడి మీదినుండి వల వేసి వాటిని పట్టుకొంటారు. రే హారీహౌసన్ అనే నిపుణుడు చిన్న బొమ్మలను ఇసుమంత కదిపి ఒక ఫోటో, మరికొంచెం కదిపి ఇంకొక ఫోటో తీసి, వాటిని సెకనుకు 24 చొప్పున నడిపించి ఆ పిశాచాలకు ప్రాణం పోశాడు. పిశాచాలు బొమ్మలే గాని గుడి మాత్రం నిజమైనది. ఇటలీలో ఉన్నది.

నేపుల్సులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుని పుణ్యమా అని గత వేసవిలో సకుటుంబంగా వెళ్ళి ఆ గుడి చూచాము. రైలులో గంటకు పైగా ప్రయాణం. పేస్టమ్ స్టేషనులో దిగి పాత కోటగోడ దాటి నడిస్తే, మైదానంలో మూడు రాతి గుళ్ళు. ఆ ప్రాంతం గేదెల పాడికి ప్రసిద్ధి. అక్కడివారు మెచ్చే గేదెపాల చీజు తిని, "మన జున్ను ముందు ఇదెంత?" అని మా ఇంటామె తేల్చివేసింది.

చిత్రంలోని గుడి క్రీ.పూ. 5వ శతాబ్దం నాటిది. కప్పు పోయినది. ముందు 6, పక్కన 14 చొప్పున లావుపాటి స్తంభాలు చుట్టూ నిలిచే ఉన్నవి. ఫినియస్ ఎక్కడ కూర్చున్నాడో వెదకుతూ మా అమ్మాయి చాలసేపు తిరిగింది.

నీడన కూర్చున్నప్పుడు ఆ ఊరి కథ చెప్పాము. క్రీ.పూ. 600 ప్రాంతంలో గ్రీకులు వచ్చి స్థిరపడి దానికి పొసిడోనియా అని పేరు పెట్టుకొన్నారు. తరువాత ఊరు ఇతరుల చేతిలోకి పోయింది. క్రీ.పూ. 4వ శతాబ్దం వాడైన అరిస్టాక్సెనస్ అనే సంగీతజ్ఞుడు ఆ జనాన్ని గురించి వ్రాశాడు. వారి మాట మారిపోయిందట, అలవాట్లు మారిపోయాయట. ఒక్క గ్రీకు పండుగ మాత్రం విడువలేదట. ఏటా ఆ రోజున కలుసుకొని, పాత పేర్లు, పాత ఆచారాలు తలచుకొని, కంటతడి పెట్టుకొని, ఎవరి ఇళ్ళకు వారు పోయేవారట.

"మన సంఘం ఉగాదిలాగానా నాన్నా?" అన్నది అమ్మాయి. అడిగింది తమిళంలో.

మేమిద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నాము. తప్పు పిల్లది కాదు. ఆఫీసునుండి వచ్చి తొందరలో ఏ మాట నోటికి వస్తే ఆ మాటే మాట్లాడినది మేమే. హార్పీలు అన్నం లాగుకొంటే ముసలివాడు కేకలు వేశాడు. మాట పోతున్నప్పుడు మా ఇంట ఎవరూ కేక వేయలేదు.

తిరిగివచ్చిన నాటినుండి రాత్రి భోజనాల వద్ద తెలుగే మాట్లాడుకొంటున్నాము. అమ్మాయి తడబడుతున్నది, మేమూ తడబడుతున్నాము. అయినా మొన్న "పప్పు కాస్త వడ్డించమ్మా" అని పూర్తిగా తెలుగులో అడిగింది. వాళ్ళమ్మ రెండు గరిటెలు ఎక్కువే వేసింది.