మేరీ పుట్టింటి పేరు

1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా చేరిన మేరీ బ్రూస్టర్ పుట్టింటి ఇంటిపేరు ఈ రోజుకీ తేలలేదు. భర్త విలియం ప్లిమత్ వలసలో మతపెద్ద, ఆయన గురించి పుస్తకాలే ఉన్నాయి. మేరీ ఇంటిపేరు వెంట్‌వర్త్ అని కొందరు రాశారు, వైరాల్ అని ఇంకొందరు. పెళ్లి నమోదే దొరకనప్పుడు రెండూ ఊహలే. అదే ఓడలో వచ్చిన సుసానా వైట్‌ను చాలాకాలం ఫుల్లర్ ఇంటి ఆడపడుచు అనుకున్నారు. పాత ఇంగ్లండు పత్రాలు వెతికితే జాక్సన్ అని తేలింది.

రుజువు దొరికేదాకా వంశవృక్షంలో ఆ పేరు గడి ఖాళీగా ఉంచడమే మేరీకి మనమిచ్చే గౌరవం. నచ్చిన పేరు అతికిస్తే అసలు పేరు వెతికేవాళ్లే ఉండరు.

మీ ఇంట్లో అలాంటి ఖాళీ మిగలకుండా, మీ అమ్మమ్మ, నానమ్మల పుట్టింటి పేర్లు, ఊళ్లు ఇవాళే అడిగి రాసిపెట్టుకోండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడగాలి.